చెల్లి చెప్పిన సాక్ష్యం

ఎముకల్లో ఉండే మూలకణాలను ఒక మందు రక్తంలోకి తెప్పిస్తుందని డాక్టరు చెప్పారు. ఆ సూదులు వేయించుకోవలసింది నేను కాదు, రేపల్లెలో ఉండే మా చెల్లి. రక్త క్యాన్సరు మాత్రం నాది. ఇంట్లో అందరికీ పరీక్షలు చేస్తే, కణాలు నాకు సరిపోలింది ఆమె ఒక్కతే. కొన్నాళ్లు రోజుకో సూది వేశాక, ఆమె రక్తంలోంచి ఆ కణాలను యంత్రంతో వేరుచేసి భద్రపరుస్తారు. ఆ తర్వాత నాకు ఎక్కిస్తారు.

సూదుల కోసం చెల్లి తెనాలి వచ్చి మా ఇంట్లోనే ఉంది. రెండో సూదికే నడక మారింది. గోడ పట్టుకుని లేచేది. నన్ను చూడగానే గోడ వదిలేసేది. నడుము, తుంటి నొప్పి పుడతాయని, సూదులు ఆపాక తగ్గిపోతాయని డాక్టరు ముందే చెప్పారు. బాపట్లలో విలేకరిగా పనిచేసినప్పుడు, తుపానుకు ఇల్లు కూలినవాళ్ల ముందు నిలబడి ఎలా ఉందని అడిగినవాణ్ణి. చెల్లిని అడగలేకపోయాను. నొప్పిగా ఉందని ఆమె అంటే నేను మానెయ్యమనాలి. నిజంగానే మానేస్తే? అందుకని, కాఫీ తాగుతావా అని అడిగేవాణ్ణి.

ఆదివారం పొద్దున్నే సూది వేయించుకుని, చర్చికి వెళ్లొద్దామంది. రేపల్లె ప్యాసింజరెక్కాం. మా చర్చిలో ప్రసంగానికి ముందు, దేవుడు చేసిన మేలు గురించి లేచి సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. నేను మాస్కు పెట్టుకుని వరండాలో కూర్చున్నాను. పాస్టరుగారి భార్య చెల్లికి మైకు అందించారు.

"చెప్పమ్మా, నొప్పి తెలియకుండా దేవుడు నిన్నెలా కాపాడుతున్నాడో."

చెల్లి బల్ల ఆనుకుని లేచింది. "తెలుస్తానే ఉందండి. తుమ్మితే నడుం ఊడొచ్చేట్టుంది."

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. "ఇదేం సాక్ష్యమే తల్లీ!" అంది ముందు వరసలోని ముసలావిడ.

"చర్చిలో అబద్ధం ఎట్టా చెప్పను పెద్దమ్మా? మా అన్నయ్య కోసం ప్రార్థన చెయ్యండి. నేనెక్కడ మానేస్తానోనని హడలిపోతున్నాడు. నొప్పా అని అడగడు. పొద్దస్తమానం కాఫీ, కాఫీ అంటాడు."

తలలన్నీ వరండా వైపు తిరిగాయి. నేను గుమ్మం బయట విడిచిన చెప్పులకేసి చూస్తూ ఉండిపోయాను.

తిరుగు బండిలో, ఆమె పక్కన కూర్చుని, చివరికి అడిగాను. "బాగా నొప్పిగా ఉందా?"

"ఇప్పటికి నోరొచ్చిందా? ఏం విలేకరివయ్యా బాబూ!"

మానెయ్యమని చెబుదామనే నోరు తెరిచాను. "మానేస్తావా?" అని మాత్రమే వచ్చింది. ఆ గొంతులోని భయం నాకే వినిపించింది.

"మాననులే. కానీ ఇకనుంచి నొప్పేస్తే అరుస్తా. నువ్వు వినాలి, అంతే."

భట్టిప్రోలు దాటాక బండి కుదిపినప్పుడల్లా అమ్మో అంది. దాచుకోలేదు. ఎదుటి సీటులో ఉన్నావిడ కంగారుపడి, "ఏమైందన్నయ్యగారూ ఆవిడికి?" అని నన్నడిగింది.

"నొప్పండి. నా కోసం పడుతోంది," అన్నాను.