మిల్లు గేటు దగ్గర నా గొప్పలు

మిర్యాలగూడ రైస్ మిల్లు ముందు ఆ రోజు రెండు వందల వడ్ల ట్రాక్టర్లు ఆగిపోయాయి. సరే, నలభై ఉంటాయేమో. భయంలో ఉన్నవాడికి నలభై చాలు.

కోదాడలో ఇంజనీరింగ్ చదివిన నా మనవరాలికి ఆ మిల్లులో మొదటి ఉద్యోగం. వడ్లు దించే వంతు రాగానే రైతు ఫోన్‌కు మెసేజ్ వెళ్లేలా, ఉన్న పాత కంప్యూటర్‌తోనే ఒక్క పూటలో చేసిపెట్టింది. "చిన్న హ్యాక్ కొట్టిన తాతా" అంది. అది దొంగతనం కాదని, ఉన్నదానితో తెలివిగా పని జరుపుకోవడమని విడమరిచి చెప్పింది కూడా. నాకు బాగానే అర్థమైంది. అయినా సూర్యాపేట బస్సులో రైతులు పక్కన కూర్చుంటే నోరు ఊరుకోలేదు.

"మా పిల్ల మిల్లు కంప్యూటర్ హ్యాక్ చేసింది. నేను చెప్తే ఎవ్వని బండైనా ముందటికి పోతది" అన్నాను.

మూడో రోజు పొద్దున మనవరాలు ఫోన్ చేసింది. "బండ్ల వరుస మారుస్తమని ఎవడో చెప్పిండంట తాతా. రైతులు గేటుకు అడ్డం కూసున్నరు. నన్ను తీసేస్తరేమో." ఆ ఎవడో నేనేనని ఫోన్‌లో చెప్పలేకపోయాను. బస్సెక్కాను.

నేను చేరేసరికి ఆఫీసు గదిలో, మిల్లుకు మొదటినుంచీ ప్రోగ్రాములు రాసే పెద్దాయన ఆమెను నిలదీస్తున్నాడు.

"ప్రోగ్రాంల హ్యాక్ అని నువ్వే రాసినవ్ గదమ్మా. దొంగతనం కాకపోతే మరేంది?"

"కాదు సార్. మొన్న ప్రింటర్ ఆగితే మీరు తూకం చీటీలు వేరే దారిల తీసిన్రు. అది గూడ హ్యాకే."

"నన్ను దొంగల్ల కలుపకు!"

మిల్లు యజమాని సేటు చెయ్యెత్తాడు. "పేరు పంచాయితీ తర్వాత. వరుస మారిందా?"

"మారలే సార్. సూడండి, వచ్చినోళ్లు వచ్చినట్టే ఉన్నరు," అంటూ మనవరాలు కంప్యూటర్ తెర చూపించింది.

"మరి రైతులకు గిట్ల చెప్పిందెవరు?"

"నేనే సేటూ," అన్నాను. మనవరాలి ముఖం చూసే ధైర్యం లేకపోయింది.

గేటు దగ్గర నిలబెట్టి అందరి ముందూ చెప్పించాడు. "నేను చెప్తే మా ఇంట్ల బర్రె గూడ కదలదు" అన్నాను.

"బస్సుల మంత్రి లెక్క మాట్లాడితివి గదనె పెద్దమనిషీ!" అన్నాడు బస్సులో నా పక్కన కూర్చున్న మోతె ఊరి రైతు. నవ్వులు, తిట్లు కలిసి వినిపించాయి. ట్రాక్టర్లు కదిలాయి.

సేటు ఆమెను తీసెయ్యలేదు. ప్రోగ్రాంలో హ్యాక్ అన్న మాట మాత్రం ఉండొద్దన్నాడు. ఆమె వాదించబోయి, బయటున్న బండ్లవైపు చూసి ఆగిపోయింది. కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో అక్షరం చెరిపేసింది. "నేను బయట ఉంటనమ్మా," అన్నాను. తెర మీంచి చూపు తిప్పకుండానే తలుపు దగ్గరికేసి పొమ్మంది.