ఒడీల్ వదిన మూడో పుస్తకం

ఒడీల్ వదిన మా ఇంటికొస్తే నేను ముందు చేసే పని రేడియో గొంతు పెంచడం. వంటింట్లో మేం మాట్లాడుకునేది ఆమె చెవిన పడకూడదు. ఆమె మా మేనమామ కూతురు. వేళాకోళమాడుకునే వరసే కాబట్టి ముఖానే అనేదాన్ని, "దొంగలొస్తే తలుపేసుకుంటాం, నువ్వొస్తే నోరు మూసుకుంటాం వదినా." ఆమె నవ్వి, కోటు విప్పకుండానే టీ పోసుకునేది. ఆ నవ్వు మీద కూడా నాకు అనుమానమే.

మా మామ ఉచ్చులు పన్నే అడవిలో, గుడారంలో పుట్టిందామె. ఎనిమిదో ఏట, మా తెగ పిల్లల్ని ఇళ్ళలోంచి లాక్కుపోయే తెల్లవాళ్ళు ఆమెనూ పాదిరీల బడికి పట్టుకుపోయారు. మరో ఎనిమిదేళ్ళకు ఇంగ్లీషు నేర్చుకుని, ఒక చెవిలో వినికిడి పోగొట్టుకుని తిరిగొచ్చింది. మిగిలిన చెవి రెండింటి పనీ చేసేది. కొన్నాళ్ళు అడవి మంటలార్పేవాళ్ళ శిబిరంలో వండింది. తర్వాత కోర్టులో చేరి, మా ముసలివాళ్ళ మాటలు జడ్జికి ఇంగ్లీషులో చెప్పేది. పద్దెనిమిదేళ్ళు అదే పని. ఎవరేమన్నా ఒక్క ముక్క పోకుండా గుర్తుపెట్టుకునే జబ్బు అక్కడే అంటుకుని ఉంటుంది. నలభై ఆరో ఏట మొదటి నవల అచ్చయింది. కోర్టు కాగితాల వెనకవైపు పెన్సిల్‌తో రాసిందట.

ఆ నవలలో ఒకడు తాగి, మంచు మీద కుక్కలు లాగే బండి మీంచి పడిపోతాడు. కుక్కలు వాణ్ణి వదిలేసి ఇంటిదారి పడతాయి. వాడు మూడు మైళ్ళు వాటిని బతిమాలుకుంటూ నడుస్తాడు. మా ఊరి జెరెమీ ఒంటికాలి మీద లేచాడు. "అది నేను కాదు. నేను నడిచింది రెండు మైళ్ళే" అన్నాడు. ఇంకో ఇద్దరు కూడా అది తామేనని అలిగారు. రెండో నవలకు నగరంలో బహుమతి వచ్చింది, టీవీలో చూపించారు. ఆమె పెట్టుకున్న పూసల చెవిపోగులు కుట్టింది నేను. నా పేరు చెప్పలేదు. నా ఇంట్లో మాటలైతే ఎంచక్కా వాడుకుంటుంది.

బాతులు దక్షిణానికి వెళ్ళిపోయే రోజుల్లో ఒకసారి వచ్చింది. ఈసారి టీ జోలికి పోలేదు. ఎర్రగుడ్డలో కట్టిన పొగాకు మా అమ్మ అగాత్ ముందు పెట్టి, తలొంచుకుని కూర్చుంది. పెద్దవాళ్ళను కథ అడగాలంటే మాకు అదే పద్ధతి. తీసుకుంటే చెప్పి తీరాలి. తర్వాత పొగాకు తిరిగిస్తే, ఆ కథ ఇక ఎక్కడా చెప్పొద్దన్నట్టు. ఎందుకు వద్దని ఎవరూ అడగరు.

అమ్మకు అప్పుడు ఎనభై తొమ్మిదేళ్ళు. ఆ మూట తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"వర్జినీ, పొగలో ఆరేసిన చేపలేమయ్యాయో చూసిరా."

"ఇప్పుడే చూసొచ్చానమ్మా."

"ఇంకోసారి చూడు."

ఆ చలికాలమంతా ఒడీల్ వచ్చినప్పుడల్లా నాకేదో ఒక పని తగిలేది. అమ్మ కట్టెలు తెమ్మనేది, తెచ్చిన కట్టెలు పేర్చమనేది. కిటికీలోంచి చూస్తే అమ్మ పెదాలు కదులుతూ ఉండేవి. ఒడీల్ పెన్సిలు ఆగేది కాదు.

నా భయమల్లా లూసియాన్ గురించే. మా అన్న. వాడికి తొమ్మిదేళ్ళప్పుడు, నీళ్ళ మీద దిగే విమానం ఆ పాదిరీల బడికి పిల్లల్ని తీసుకుపోవడానికి వచ్చింది. పోలీసు వచ్చి తన చేతుల్లోంచి వాణ్ణి లాక్కుపోయాడని అమ్మ అందరికీ చెప్పింది. వేట నుంచి వచ్చిన నాన్న అదే నమ్మాడు, పోయేదాకా నమ్మాడు. లూసియాన్ మొదటి చలికాలంలోనే అక్కడ చచ్చిపోయాడు. ఎక్కడ పూడ్చారో కూడా మాకు చెప్పలేదు.

కానీ ఆ రోజు ఒడ్డున విల్లో పొదల్లో నేను దాక్కుని ఉన్నాను. అక్కడ ఏ పోలీసూ లేడు. అమ్మే వాడి చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్ళి విమానం ఎక్కించింది.

దాదాపు అరవయ్యేళ్ళు ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. అమ్మనూ అడగలేదు. అది అచ్చులో పడితే, పిల్లల్ని పోగొట్టుకున్న ఇళ్ళే నిండిన ఈ ఊళ్ళో, ఈ వయసులో అమ్మ ఎలా తలెత్తుకుంటుంది?

మంచు కరుగుతున్న రోజుల్లో ఒడీల్ చివరిసారి వచ్చింది. అమ్మ కునుకు తీస్తోంది. ఒడీల్ బయట ఎవరితోనో మాట్లాడుతోంది, ఆమె కోటు మేకుకి వేలాడుతోంది. దిండు కిందున్న పొగాకు మూట తీసి ఆ కోటు లోపలి జేబులో కుక్కాను. నాకేమీ తప్పనిపించలేదు. పైగా భలే పని చేశాననుకున్నాను.

ఆ తర్వాతి చలికాలం ఆమె రాలేదు. క్రిస్మస్‌కి ఫోన్ కూడా లేదు. ముఖం చెల్లక రాలేదనుకున్నాను.

పుస్తకం పోస్టులో వచ్చింది. రొట్టె మాడిపోతున్నా పట్టించుకోకుండా మొత్తం చదివాను. లూసియాన్ ఎక్కడా లేడు. సగంలో మాత్రం కథ ఉన్నట్టుండి ఇరవయ్యేళ్ళు ముందుకు దూకింది. పత్రికలో కూడా ఇది నడుం విరిగిన పుస్తకమని, రచయిత్రి అలసిపోయినట్టుందని రాశారు. ఆ ముక్క చదివి కూనిరాగం తీస్తూ అంట్లు తోముకున్నాను.

"నాది చదువు" అంది అమ్మ.

"నీదేంటి?"

"లూసియాన్‌ది. ఇంగ్లీషులో చదివి మన మాటల్లో చెప్పు."

"ఇందులో లేదమ్మా."

"సరిగ్గా చూడు."

చూస్తున్నట్టు పేజీలు తిప్పాను. అమ్మ నా చేతుల్నే చూస్తోంది. "నేను చెప్పింది ఒడీల్ నమ్మలేదేమో" అని గోడవైపు తిరిగి పడుకుంది. మూడు రోజులు చేప పులుసు తప్ప ఏమీ ముట్టలేదు.

నగరంలో ఉంటున్న ఒడీల్‌కి ఫోన్ చేశాను. "మా అమ్మ చెప్పింది ఎందుకు రాయలేదు నువ్వు?"

"రాశాను వదినా" అంది ఒడీల్. "నలభై పేజీలు. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ రాయలేదు. మళ్ళీ చలికాలమొచ్చి కోటు తీస్తే జేబులో పొగాకుంది. అత్త వద్దందన్నమాట. అంతా పొయ్యిలో పెట్టేశాను."

"ఒక్క మాట అడగొచ్చుగా."

"తిరిగిచ్చాక ఎవరైనా అడుగుతారా?" అని ఆగింది. కోర్టులో పనిచేసిన మనిషి. తర్వాత వదినా అనలేదు. "వర్జినీ, అది పెట్టింది అత్త కాదా?"

ఫోన్ పెట్టేశాను. ఎదుటివాళ్ళ జేబులూ చూపులూ తడమడంలోనే నా బతుకు గడిచింది. ఆ పూట నన్ను చూసుకుంటే నాకే రోత పుట్టింది.

అమ్మ మంచం పక్కన కూర్చున్నాను. "పొగాకు తిరిగిచ్చింది నేనమ్మా. ఒడీల్ రాసింది. నా వల్లే కాల్చేసింది."

"ఎందుకు చేశావే?"

"ఆ రోజు నేను చూశాను. పోలీసెవడూ లేడు."

అమ్మ లేచి కూర్చోవడానికి చాలాసేపు పట్టింది.

"నువ్వు చూశావని నాకు తెలుసు. ఎప్పుడో ఒకప్పుడు అడుగుతావని కాచుకున్నాను. నువ్వడగలేదు, నాకు నోరు రాలేదు. పుస్తకంలో ఉంటే చదువుతావుగా అని ఒడీల్‌కి చెప్పాను. వాడికి దగ్గితే నెత్తురు పడేది. అక్కడ డాక్టరున్నాడు, బాగుచేస్తాడు అన్నాడు పాదిరీ. మీ నాన్న ఉంటే పంపనిచ్చేవాడు కాదు."

"నేను చూశానని నీకెలా తెలుసు?"

"వాడే చెప్పాడు. ఒడ్డు దగ్గర నా చెయ్యి నొక్కి, 'అమ్మా, చెల్లి పొదల్లో ఉంది. అటు చూడకు, నువ్వు చూస్తే వాళ్ళూ చూస్తారు, దాన్నీ తీసుకుపోతారు' అన్నాడు. విమానం ఎగిరేదాకా ఇద్దరం నీళ్ళవైపే చూశాం."

అప్పుడు నాకు ఆరేళ్ళు. బాగా దాక్కున్నాననే ఇన్నాళ్ళూ అనుకున్నాను.