రమణన్న నడవని ఆరు కిలోమీటర్లు

నిన్న పొద్దున బెంగళూరులో ఒక విల్లాలో స్క్రీన్ బిగిస్తున్నాను. శీను ఫోన్ చేశాడు.

"అన్న పోయినాడురా."

ఏ అన్న అని అడిగాను. నిజంగా అలాగే అడిగాను.

మా పెద్దమ్మ పెద్దకొడుకు, ఆత్మకూరు బజారులో హోల్‌సేల్ కిరాణా షాపు రమణన్న. శీనుకి సొంత అన్న. షాపు తెరిచి కూర్చున్న మనిషి ఛాతీ పట్టుకుని పక్కకి ఒరిగిపోయాడట. కారులో నెల్లూరు చేరేలోపే అంతా అయిపోయింది.

మొన్న ఆదివారం కూడా అన్న తన గోల్ఫ్ స్కోరు స్క్రీన్‌షాట్ పంపాడు. నేను థంబ్సప్ పెట్టి ఊరుకున్నాను.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను. నా ఉద్యోగం ఇళ్లల్లో గోల్ఫ్ సిమ్యులేటర్లు పెట్టడం. గదిలో పెద్ద తెర, దాని ముందు పచ్చ చాప. చాప మీద నిలబడి బంతిని కొడితే అది తెరకి తగిలి కింద పడుతుంది. తెర మీద మాత్రం ఎక్కడో పెద్ద మైదానంలో ఎగురుతూ పోతుంది.

రెండేళ్ల కిందట అన్నకి స్టెంట్ వేశారు. రోజూ నడవమని, ఎంత నడిచిందీ నోట్‌బుక్‌లో రాసి చూపించమని డాక్టరు చెప్పాడు.

"గిరాకీ టైములో అంగడి ఇడిసిపెట్టి యాడికి నడిచేదిరా?" అన్నాడు అన్న.

అప్పుడు పుట్టింది నాకు తెలివి. ఒక కస్టమర్ తీసేసిన పాత సిమ్యులేటర్ తెచ్చి, షాపు పైన గోడౌన్‌లో మిరపకాయల బస్తాలు పక్కకి జరిపి బిగించాను. కాస్త నడుమైనా కదులుతుందిలే అనుకున్నాను.

మొదటి రోజు బంతి ఒక్కటీ తగల్లేదు. ఆ మిరప ఘాటుకి ఇద్దరం ఒకటే తుమ్ములు. "ఉదయగిరోడు వచ్చి ఆత్మకూరోళ్లకి గోల్ఫ్ నేర్పతా ఉండాడు" అని నన్ను వెక్కిరించాడు. నెల తిరిగేసరికి లుంగీ ఎగ్గట్టి, మధ్యాహ్నం భోజనం కాగానే పైకెక్కేవాడు. వదిన పిలిచినా దిగేవాడు కాదు.

ఒకసారి వెళ్లినప్పుడు ఆ నోట్‌బుక్ చూశాను. ప్రతి తేదీ ఎదురుగా ఆరు కిలోమీటర్లు.

"ఏందన్నా ఇది?"

"పద్దెనిమిది గుంటలు కొట్టినాను కదరా. ఆట అయినాక మిషనే చెప్పింది ఆరు కిలోమీటర్లని. అది చెప్పిందే రాసినా."

అది తెర మీద కనిపించే గోల్ఫ్ మైదానం పొడవు. అన్న కాలు చాప దాటలేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, మొహంలో నవ్వు ఆగడం లేదు. నేనూ పడీ పడీ నవ్వాను. ఆ పేజీ ఫోటో తీసి ఫ్రెండ్స్‌కి పంపాను కూడా.

డాక్టరు ఆ నోట్‌బుక్ చూసి మెచ్చుకున్నాడట. అప్పుడైనా నేను నోరు తెరవాల్సింది.

తెరవలేదు.

రెండు నెలల కిందట కంపెనీ నాకు కొత్త ఏఆర్ కళ్లద్దాలు డెమోకి ఇచ్చింది. అవి పెట్టుకుంటే తెర అక్కర్లేదు, గది అక్కర్లేదు. ఉన్న నేల మీదే పచ్చగడ్డి, జెండా, బంతి కనిపిస్తాయి. బంతి వెనక మనమే నడుచుకుంటూ పోవాలి. ఇవైతే అన్న నిజంగా నడుస్తాడని నా ఆశ.

అన్నని కారులో తీసుకెళ్లి, దుత్తలూరు దాటాక ఒక ఖాళీ మెట్ట చేలో దింపాను. అద్దాలు పెట్టుకుని చిన్నపిల్లాడిలా "అబ్బా" అన్నాడు. కర్ర ఎత్తి నేలకేసి కొట్టాడు. మేకలు తోలుకుపోతున్న పెద్దాయన ఆగి, "ఏంది శెట్టీ, పామేమన్నా ఉండాదా?" అని అరిచాడు.

నవ్వుకుంటూనే జెండా వైపు నడిచాడు. వంద గజాలు పోయాడో లేదో గట్టు మీద కూలబడ్డాడు.

"ఆయాసం వస్తా ఉండాదిరా."

"అలవాటు లేక అన్నా" అన్నాను.

అలవాటు లేక. ఆ మాట నిన్నటి నుంచి నన్ను తినేస్తోంది. స్టెంట్ వేయించుకున్న మనిషికి వంద గజాలకే ఆయాసమొస్తే, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలని నాకెందుకు తట్టలేదు?

కారెక్కుతూ, "ఈ అద్దాలు తెచ్చియ్‌రా, దినామూ నడస్తా" అన్నాడు. వచ్చే ఏడాదికి తేలికైనవి వస్తాయి, అప్పుడు తెస్తానన్నాను. మా ఫీల్డులో మేమంతా ఎప్పుడూ వచ్చే ఏడాది గురించే మాట్లాడతాం. ఆయన దాని కోసం ఆగాడు. నేనే ఆపాను.

నిన్న సాయంత్రం అన్న ఇంటికి చేరేసరికి వదిన వచ్చిన ప్రతివాళ్లకీ ఒకటే మాట చెప్తోంది. "దినానికి ఆరు కిలోమీటర్లు నడిచే మనిషమ్మా..." అందరూ తల ఊపుతున్నారు. నేను కూడా ఊపాను.

ఇవాళ శ్మశానం నుంచి వచ్చి స్నానాలయ్యాక శీను నా పక్కన కూర్చున్నాడు. వాడికి షుగరు, బీపీ. ఎంత వానొచ్చినా పొద్దున్నే నడక మానని వాడు.

"అంత నడిచిన అన్నే పోయినాడు. నడిచి ఏం లాభంరా? ఇంక నేను పోను."

నిజం చెప్పబోయి రెండుసార్లు ఆగాను. వదిన అక్కడే ఉంది. భర్త పోయిన మర్నాడు, ఆయన రాసిందంతా ఉత్తదని ఆమె ముందు ఎలా చెప్పను? చెప్పకపోతే వీడు ఆగిపోతాడు. నాకేం చేయాలో తెలియడం లేదు. మూసిన షాపు మెట్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. వదినకి ఫేస్‌బుక్ లేదు. ఆమెకి నేనే చెప్తాను, కొన్ని రోజులు టైమివ్వండి.

శీనూ, అన్న నడవలేదురా. ఆ నోట్‌బుక్‌లో ఉన్న ఒక్క కిలోమీటరు కూడా నడవలేదు. నాకు తెలుసు, తెలిసి నవ్వాను.

రేపు పొద్దున లేచి నడువు. నన్ను తిట్టుకుంటూ అయినా సరే, నడువు.

రమణన్నా, పోయిరా. నీ గుండెకి ఇకనైనా నెమ్మది దొరకాలి.