పంజాగుట్టలో రెండు ఏసీల ఇల్లు

రెండువేల సంవత్సరం దాటి రెండు మూడేళ్ళయిన రోజులవి. మార్చి నెల రెండో వారంలో, పంజాగుట్టలోని ఒక ఇంటి సర్వీసుకు నన్ను స్వయంగా వెళ్ళమని మా బ్రాంచి మేనేజరు ఆదేశించారు. అప్పటికి నేను ఒక ఎయిర్ కండిషనింగ్ సంస్థలో సర్వీసు సూపర్‌వైజర్ని. మా పనిలో మెకానిక్కు యంత్రాన్ని విప్పి బాగుచేస్తాడు, సూపర్‌వైజరు పరీక్షించి సంతకం పెడతాడు, ఇంజనీరు ఆ సంతకాన్ని నమ్ముతాడు. పెద్ద మరమ్మత్తు జరిగితే తప్ప మామూలు సర్వీసుకు సూపర్‌వైజరు వెళ్ళడు. ఈ ఇంటికి వెళ్ళమనడానికి కారణం ఆ ఇంటి సర్వీసు కార్డు మీదే ఎర్ర సిరాతో రాసి ఉంది: "ఏడాది సర్వీసు కాంట్రాక్టు ఇక వద్దంటున్నారు."

మా ఆఫీసు అమీర్‌పేటలో ఒక పాత భవనం మూడో అంతస్తులో ఉండేది. మొదటి రెండు అంతస్తుల్లోనూ కంప్యూటర్ కోర్సులు నేర్పే సంస్థలే. మెట్ల గోడల మీద కాగితం అంటించడానికి జాగా మిగలలేదు. చొక్కా టక్ చేసుకుని బ్యాగుతో దిగుతుంటే నన్ను చూసి ఎవరో పాఠం చెప్పే సారు అనుకునేవారు. ఆ ఉదయం కూడా ఒక అమ్మాయి ఆపి, "సార్, జావా కొత్త బ్యాచ్ ఎన్నింటికి?" అని అడిగింది. "నాది ఏసీ బ్యాచ్ అమ్మా, ఇప్పుడే మొదలు" అని చెప్పి వీధిలో పడ్డాను. నాతో యాదగిరి ఉన్నాడు. జనగామ వైపువాడు, పదిహేనేళ్ళ అనుభవమున్న మెకానిక్కు. పనితనంలో నాకంటే ఒక మెట్టు పైవాడే.

ఇళ్ళలో సెంట్రల్ ఏసీ మాకు అప్పట్లో కొత్త. అంతకుముందు మా పనంతా సినిమా హాళ్ళు, బ్యాంకులు, లక్డీకాపూల్ హోటళ్ళలోనే. సాఫ్ట్‌వేర్ చదువుల గిరాకీతో ఊళ్ళో కొన్ని కుటుంబాలకు కలిసొచ్చి, పెద్ద ఇళ్ళు కట్టుకున్నాయి. రెండంతస్తుల ఇంటికి ఒకే పెద్ద యంత్రం పెట్టకూడదు. పై అంతస్తుకు ఎండ నేరుగా తగులుతుంది, కిందికి తగలదు. అందుకని అంతస్తుకు ఒకటి చొప్పున విడివిడిగా పెడతాం. చల్లబరిచే భాగం సీలింగు పైన దాగి ఉంటుంది. వేడిని బయటికి వదిలే పెట్టెలు రెండూ డాబా మీద పక్కపక్కనే ఉంటాయి. హాలు గోడకు అరచేయంత థర్మోస్టాట్ ఉంటుంది. గదిలో వేడిని కనిపెట్టి, నడవమనీ ఆగమనీ యంత్రానికి కబురు పంపేది అదే.

మూడు నెలలకోసారి చేసే సర్వీసుకు ఒక వరస ఉంది. ఫిల్టర్లు కడగాలి. నీళ్ళు కారే గొట్టంలో పాకుడు తీయాలి. డాబా మీది పెట్టెల్లో దుమ్ము పట్టిన రాగి చుట్టలను నీటి ధారతో కడగాలి. గ్యాసు ఒత్తిడి, కరెంటు లాగుడు కొలిచి రాయాలి. చివర రెండు యంత్రాలనూ వేసి అరగంట నడిపి, గాలి వచ్చే జాలీల దగ్గర థర్మామీటరు పెట్టి చూసి, సంతకం చేయాలి.

ఆ ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు. పెద్దాయన రాజేందర్‌కు అమీర్‌పేటలో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం. చిన్నాయన సురేందర్ కంప్యూటర్ కోర్సుల సంస్థ నడిపేవాడు. కింద అన్న కుటుంబం, పైన తమ్ముడి కుటుంబం. అన్న భార్య పద్మగారిది భువనగిరి. తమ్ముడి భార్య సుజాతగారిది కాకినాడ. అన్నదమ్ముల తల్లి అనసూయమ్మగారు మెట్ల మధ్య మలుపులో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు.

"ఈడ ఎందుకు కూసున్నరు అమ్మా?" అని యాదగిరి అడిగాడు.

"కింద ఉడుకపోస్తది, పైన సలి పెడ్తది. ఇంటి మొత్తంల మనిషి బతికే జాగ గిదొక్కటే బిడ్డా" అన్నారావిడ.

పద్మగారు నన్ను వంటింటి గుమ్మం దగ్గరే నిలబెట్టి మాట్లాడారు. ముఖమంతా చెమట. "సార్, ఏడాది సంది చెప్తున్న. పైనోళ్ళు బయటకు పోయిన్రంటే మా ఏసీ సుత బంద్ అయితది. వాళ్ళు వచ్చేదాంక మాకు ఉడుకే. మా మరిది కంప్యూటర్ల ఏదో పెట్టిండు సార్. పైకెల్లి మా ఏసీని నడుపుతున్నడు."

పైకి వెళితే సుజాతగారు శాలువా కప్పుకుని తలుపు తీశారు. ఆవిడ గొంతు తగ్గించి చెప్పారు: "మా బావగారిది ఎలక్ట్రికల్ షాపు కదండీ. కింద ఏదో స్విచ్చి పెట్టించారు. అక్క ఏసీ ఆపితే మాదీ ఆగిపోతుంది. ఆవిడ పెంచిందంటే ఇక్కడ మంచు కురుస్తుంది. ఆ మాట అంటే నన్నే పిచ్చిదాన్ని చేస్తున్నారు."

హాలు నిండా అట్టపెట్టెలు కట్టి ఉన్నాయి. వచ్చే ఆదివారం వాళ్ళు కూకట్‌పల్లిలో ఒక ఫ్లాటుకు మారిపోతున్నారు. తోడికోడళ్ళిద్దరికీ ఏడాదిగా మాటల్లేవు. కిందటి వేసవి తర్వాత చలికాలంలో ఏసీలు విశ్రాంతి తీసుకున్నాయి గాని, మాటలు మాత్రం తిరిగి మొదలు కాలేదు. అన్నదమ్ములు కూడా ముభావంగా ఉంటున్నారు.

నేను ఇద్దరికీ ఒకే జవాబు చెప్పాను. రెండూ వేర్వేరు యంత్రాలనీ, ఒకదానికి రెండోదానితో ఏ సంబంధమూ ఉండదనీ, అలా జరిగే అవకాశమే లేదనీ. చాలా నమ్మకంగా చెప్పాను. ఏడాదిగా మా మెకానిక్కులు చెప్పిన జవాబూ అదే. కార్డు మీద ప్రతిసారీ "కూలింగ్ తక్కువ అన్నారు, గ్యాసు చూశాం, బాగుంది" అని ఉంది.

పరీక్ష కోసం రెండు థర్మోస్టాట్లలోనూ చల్లదనం పూర్తిగా పెట్టించి డాబా మీదికి వెళ్ళాను. కింది అంతస్తు పెట్టె మీద ఒకటి, పై అంతస్తు పెట్టె మీద రెండు అని రంగుతో రాసి ఉంటుంది. రెండూ నడుస్తున్నాయి. కడిగే ముందు డాబా మీది మెయిన్ స్విచ్చి ఆపడం మాకు అలవాటు. ఆ రోజు స్విచ్చి పెట్టె నిండా కందిరీగలు గూడు పెట్టాయి. చెయ్యి పెట్టే ధైర్యం లేక, పిట్టగోడ మీదుగా వంగి కింద ఉన్న యాదగిరిని కేకేశాను.

"యాదగిరీ, కింది హాల్లోది ఆపు!"

"బంద్ జేసిన సార్!"

నా ఎదుట రెండో నంబరు పెట్టె ఆగింది. ఒకటో నంబరు హాయిగా తిరుగుతూనే ఉంది.

"నేను కిందది ఆపమన్నాను, నువ్వు పైది ఆపావు!"

"నేను కిందనే ఉన్న సార్. పైకి ఎందుకు పోత?"

మళ్ళీ వేయమన్నాను. రెండో నంబరు కదిలింది. మళ్ళీ ఆపమన్నాను. ఆగింది. మూడోసారి ఆపించి వేయించి చూసినా అంతే. సంచిలోంచి కార్డు తీసి వెనక పేజీలు తిప్పాను. సరిగ్గా ఏడాది కిందట, సీలింగులో ఎలుకలు థర్మోస్టాట్ల తీగలు కొరికితే కొత్తవి లాగాం. రెండు అంతస్తుల తీగలూ ఒకే గొట్టంలో, ఒకే రంగులో డాబా మీదికి వస్తాయి. అక్కడ తారుమారయ్యాయి. కింది థర్మోస్టాట్ పై యంత్రాన్ని నడుపుతోంది, పైది కింది యంత్రాన్ని. కింద ఉక్కగా ఉందని పద్మగారు చల్లదనం పెంచితే పైన గడ్డకడుతోంది. వణుకుతూ సుజాతగారు తగ్గిస్తే కింద ఆగిపోతోంది. ఇద్దరూ చెప్పింది అక్షరాలా నిజం. కార్డు మీద ఇలా ఉంది: "తీగలు మార్చబడినవి. రెండు యంత్రాలు నడిపి చూడబడినవి. సరిగా ఉన్నవి." కింద నా సంతకం. రెండూ కలిపి నడిపితే ఏది ఎవరి మాట వింటోందో తెలియదు. నేను కలిపే నడిపాను.

యాదగిరి డాబా మీదికి వచ్చి చూశాడు. తీగలు కలిపింది తనే కాబట్టి ముఖం నల్లబడింది. చుట్టూ ఒకసారి చూసి అన్నాడు: "సార్, నాలుగు తీగలు మార్చి కట్టేద్దాం. పది నిమిషాల పని. ఎవలకు ఎరుక?"

ఒక నిమిషం పాటు ఆ మాటలో నాకు తప్పు కనిపించలేదు. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో నాకు ఒక్క మెమో లేదు. ఇంజనీరు గ్రేడుకు నా పేరు ఆ ఏప్రిల్లోనే వెళ్ళాల్సి ఉంది. కాని తీగలు మార్చేసి దిగిపోతే ఏసీలు బాగుపడతాయి, అంతే. మరిది దొంగ అని పద్మగారికీ, బావగారు దొంగ అని సుజాతగారికీ ఉండిపోతుంది. ఆదివారం లారీ వస్తుంది.

"ముందు చూపిద్దాం, తర్వాత మారుద్దాం" అన్నాను.

పరీక్షకు సాయం కావాలని చెప్పి సుజాతగారిని కింది హాల్లోకి, పద్మగారిని పైకి రమ్మన్నాను. ఇద్దరూ ఇష్టం లేకుండానే కదిలారు. మెట్ల మీద ఒకరినొకరు చూసుకోకుండా దాటుకున్నారు. అనసూయమ్మగారు కుర్చీ పక్కకి జరుపుకుని దారి ఇచ్చారు.

పద్మగారు పై హాల్లో అడుగు పెట్టి రెండు చేతులూ ముడుచుకున్నారు. "అమ్మో, గింత సలా!" సుజాతగారి నాలుగేళ్ళ పాప స్వెట్టరు వేసుకుని సోఫాలో బొమ్మలకు రంగులు వేస్తోంది. "మార్చిల స్వెట్టరేందే తల్లీ!" అని దగ్గరికి వెళ్ళి పాప చేతులు పట్టుకున్నారు. చల్లగా ఉన్నాయి. ఆవిడ చేతులు వదల్లేదు. కింద సుజాతగారు కొంగుతో మెడ తుడుచుకుంటూ వంటింటి వైపు చూసి, "అక్క ఇందులో వంట చేస్తోందా?" అని ఎవరినో అడిగినట్టు అన్నారట. ఈ మాట తర్వాత యాదగిరి చెప్పాడు.

నేను మెట్ల మీద నిలబడి, సుజాతగారిని ఎదురుగా ఉన్న థర్మోస్టాట్ ఆపమన్నాను. పైన గాలి ఆగింది.

"సుజాతా! నువ్వు ఆపినవా?" అని పద్మగారు పైనుంచి అరిచారు. ఏడాదిలో అదే మొదటి మాట.

"ఆపాను అక్కా! ఏమైంది?"

"ఈడ బంద్ అయింది!"

"మరైతే మీరు పైది ఆపండి!"

పద్మగారు ఆపారు. కింద జాలీలో గాలి పోయింది. "ఇక్కడ ఆగింది అక్కా!" అన్న కేక ఇల్లంతా వినిపించింది. ఇక నేను చెప్పాల్సిన పని లేకపోయింది. వాళ్ళే వేశారు, వాళ్ళే ఆపారు. నాలుగోసారికి పాప కూడా స్వెట్టరు విప్పేసి మెట్ల మీదికొచ్చి "బంద్! బంద్!" అని ఎగరడం మొదలుపెట్టింది.

ఇద్దరినీ అనసూయమ్మగారి దగ్గరికి రమ్మని విషయం చెప్పాను. తీగలు తారుమారు చేసింది మా సంస్థవాళ్ళని, సరిగా పరీక్షించకుండా సంతకం పెట్టింది నేనని, వాళ్ళు నిజమే చెబుతుంటే నమ్మనిది మేమేనని. నా వెనక యాదగిరి "కలిపింది నేనే అమ్మా" అన్నాడు.

పద్మగారు సుజాతగారి వైపు తిరిగారు.

"అంటే ఏడాది సంది దీనికి సలి పెట్టింది నేనా?" అన్నారు పద్మగారు.

"మీకు ఉక్కబోయించింది నేనా అక్కా?" అన్నారు సుజాతగారు.

మొదట నవ్వింది అనసూయమ్మగారు. కుర్చీ ఊగేట్టు నవ్వారు. తర్వాత ఇద్దరు కోడళ్ళూ మెట్ల మీదే కూలబడి, ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వారు. "మా మరిదిని దొంగను చేసిన సార్" అంటూ ఒకరు, "నేను బావగారిని చేశానండీ, పైగా మా అమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పాను" అంటూ ఒకరు. పెద్దావిడ మాత్రం నన్ను వదల్లేదు. "సంతకం పెట్టేటప్పుడు కండ్లు యాడ పెట్టినవ్ బిడ్డా?" అని అడిగారు. రెండూ కలిపే నడిపి చూశానని ఒప్పుకున్నాను.

కందిరీగలను యాదగిరి పొగ పెట్టి తరిమాడు. తీగలు సరిచేసి, కిందివాటికి పచ్చ, పైవాటికి పసుపు గొట్టాలు తొడిగాం. ఈసారి ఒకటి ఆపి రెండోది, రెండోది ఆపి ఒకటి నడిపి చూశాను. మధ్యాహ్నానికి కింది హాలు చల్లబడింది. రెండు వంటిళ్ళ గిన్నెలూ అక్కడికే చేరాయి. ఒక వైపు పద్మగారి పచ్చి పులుసు, ఇంకో వైపు సుజాతగారి పనసపొట్టు కూర. మేం వద్దంటే అనసూయమ్మగారు వినలేదు. అన్నదమ్ములిద్దరూ కబురు విని ఒకే స్కూటరు మీద వచ్చారు. అట్టపెట్టెలు విప్పడానికి యాదగిరి కూడా ఒక చెయ్యి వేశాడు.

సాయంత్రం ఆఫీసులో జరిగింది జరిగినట్టు రిపోర్టు రాసి మేనేజరుకిచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, ఇంట్లోవాళ్ళు ఏమన్నారని అడిగారు. అన్నం పెట్టారని చెప్పాను. నవ్వాపుకుని మెమో ఇచ్చారు. ఇంజనీరు గ్రేడు ఒక ఏడాది వెనక్కి పోయింది. అది న్యాయమే. ఆ ఇంటివాళ్ళు కాంట్రాక్టు కొనసాగించారు.

ఆ నెలలోనే మా సర్వీసు కార్డులో రెండు మార్పులు చేశారు. రెండు యంత్రాలున్న ఇంట్లో ఒక్కొక్కదాన్నీ విడిగా, రెండోదాన్ని ఆపి, దాని సొంత థర్మోస్టాట్‌తోనే నడిపి చూడాలి. ఇంట్లోవాళ్ళు చెప్పిన ఫిర్యాదును వాళ్ళ మాటల్లోనే రాయాలి, మా భాషలోకి మార్చకూడదు. "పైనోళ్ళు పోతే కింద ఆగుతోంది" అని ఎవరైనా ఒక్కరు రాసి ఉంటే, ఆ తప్పు ఏడాది కాదు, ఒక్క వారం కూడా నిలిచేది కాదు. యంత్రం గురించి మనకు తెలిసింది ఎక్కువే కావచ్చు, కాని రోజంతా దాని కింద కూర్చునేది వాళ్ళు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు, రెండు ఏసీల ఇంటికి ఎప్పుడు వెళ్ళినా ముందు వాళ్ళు చెప్పింది రాసుకున్నాను, ఆ తర్వాత ఒకటి ఆపాను.