తప్పంతా వరదయ్యదే

“ఆ బల్ల మీద కూర్చోబాక అబ్బయా, ఒక కాలు పొట్టి. కాఫీ కూడా చల్లారినట్టుండాది. రోడ్డు దుమ్మంతా నీ మీదే పడతాంది. తప్పు నాదే.”

బల్ల సంతలో కొన్నది. కాఫీ ఎదురు హోటలు వాళ్ళది. దుమ్ము నెల్లూరు రోడ్డుది. అయినా ఆత్మకూరులో ఏ తప్పు ఎక్కడ పుట్టినా దానికి తండ్రిగా తన పేరే రాయించుకుంటాడు వరదయ్య. ఆయనకున్న జబ్బల్లా ఇదొక్కటే. లారీలకు బాడీలు కట్టే షెడ్డు ఆయనది, పక్కనే బ్యాటరీల కొట్టు నాది. గిరాకీ లేనప్పుడు వెళ్ళి ఆయన మాటలు వింటూ కూర్చుంటాను. ‘బాగా వచ్చింది’ అనే మాట ఆయన నోట ఇంతవరకూ వినలేదు.

కొత్త బాడీ చూసి ఎవరైనా మెచ్చుకున్నారా, ఆయన ముఖం వేలాడిపోతుంది. ఆ మనిషిని బతిమాలి లారీ కింద పడుకోబెట్టి, తప్పెక్కడుందో చూడమంటాడు. చూస్తే ఏమీ కనబడదు. “నీకు కనబడకుండా చేసినానే, అది ఇంకో తప్పు” అంటాడు.

ఆదివారం ఏసు గుడిలో సాక్ష్యం చెప్పమంటే అందరూ దేవుడు తమకు చేసిన మేలు చెబుతారు. ఈయన లేచి, గుడి గేటు కిర్రుమనేది తనవల్లేనని చెప్పి తలవంచుకుని కూర్చుంటాడు. ఆ గేటు కట్టింది వింజమూరు మనిషి. పాస్టరుగారు ఆ మాటే గుర్తుచేస్తే, “ఆయన కడతా ఉంటే నేను చూస్తా ఉండినాను గదయ్యా” అన్నాడట.

ఆయన భార్య రెబెకమ్మ బాధ వేరు. “కూరలో ఉప్పు నేను మరిచిపోతే, గుర్తు చెయ్యలేదని ఆయన సిగ్గుపడతాడన్నా. కొట్లాడదామంటే ఇంట్లో నాకు మనిషే లేడు.”

ఇలాంటి మనిషి చేతికి రేసుకారు వచ్చింది.

సురేంద్రబాబు నెల్లూరులో లారీల ఆసామి. పాతకాలపు రేసుకార్ల పందేలకని చెన్నై వెళుతుంటాడు. అసలు కార్లు కొనడం ఎవరి తరమూ కాదు కాబట్టి, అచ్చం వాటిలాగే కొత్తవి కట్టించుకుని తోలుతారట. ఎప్పటిదో ఇంగ్లండు కారు ఒకటి ఆయన మనసుకు పట్టింది. దానికి పైకప్పు లేదు, తలుపులు పేరుకే, నేలను కరుచుకుని పాకే ఉడుములా ఉంటుంది. ఇంజనూ చాసీ కోయంబత్తూరులో కట్టించి, పైన అల్యూమినియం రేకు పని మాత్రం వరదయ్యకు అప్పగించాడు. ఈ సంగతి తెలిస్తే ఇంగ్లండు వాళ్ళకు ఎంత తలవంపులోనని వరదయ్య అన్నం మానేశాడు.

రేకు వంచాలంటే ముందు కారంత కొయ్య అచ్చు ఉండాలి. దాని మీద రేకు పరిచి సుత్తితో కొట్టుకుంటూ పోవాలి. ఆ అచ్చు ఉదయగిరిలో మస్తాన్బీ చెక్కింది. కొయ్య చెంచాలూ గరిటెలూ చెక్కే ఇల్లు ఆమెది. ఆ ఇంటి పద్ధతి ఒకటే: మాదిరి ఎలా ఉంటే సరుకు అలాగే ఉండాలి, సొంత తెలివి చూపకూడదు. వంకర చెంచా మాదిరి ఇస్తే వంకర చెంచాలే వస్తాయి. ఈ కారు కుదిరితే తన స్నేహితుల కార్లకు కూడా అచ్చులు ఆమెకే చెబుతానన్నాడు సురేంద్రబాబు. కుదరకపోతే ఆ పని కోయంబత్తూరులో అచ్చులు చెక్కే మిషనుకు పోతుంది. చెంచాలకు గిరాకీ పడిపోయి, కూతురు ఉజ్మాతో ఎలాగో నెట్టుకొస్తున్న ఆమెకు అంతకన్నా వేరే దారి లేదు.

సురేంద్రబాబు ఇచ్చిన ఫోటోలు ఏదో పాత పందెం ముగిశాక తీసినవి. వాటిలో కారుకు ముందు కుడి చక్రం మీద పెద్ద సొట్ట ఉంది. మస్తాన్బీ దాన్ని కూడా చెక్కింది. ఎంత నున్నగా చెక్కిందంటే, అది గాలి కోసం చేసుకున్న ఏర్పాటని వరదయ్య నమ్మి, రేకును అంతే నున్నగా దానిలోకి దించాడు. రెండో పక్క ఎందుకు లేదని నేనడిగాను. “డ్రైవరు కూర్చునేది ఈ పక్కనే గదా, గాలి ఆయనకే కావాలి” అన్నాడు.

సురేంద్రబాబు చూడ్డానికి వచ్చే రోజు పొద్దున, ఆ ఫోటోను ఫోన్లో పెద్దది చేసి చూశాం. సొట్ట చుట్టూ రంగు పెచ్చులు లేచి ఉంది. గాలికి చేసిన ఏర్పాటు కాదు, పందెంలో తగిలిన దెబ్బ.

సురేంద్రబాబు వచ్చేసరికి వరదయ్య, రేకు తీసేసి పక్కన పెట్టిన కొయ్య అచ్చు మీదికెక్కి, సరిగ్గా ఆ సొట్టలో కూర్చుని ఉన్నాడు. లారీ క్లీనరు వచ్చినా లేచి నిలబడే మనిషి, ఆసామి వస్తే కదల్లేదు. నాకు తల తీసేసినట్టయింది.

“నడుం పట్టింది బాబూ. తప్పు నాదే.”

సురేంద్రబాబు కారును చేత్తో తడుముతూ, మురిసిపోతూ చుట్టూ తిరిగి కుడి చక్రం దగ్గర ఆగాడు.

“ఇదేంది వరదయ్యా?”

“సుత్తి జారింది బాబూ.”

“ఇంత సొట్ట ఒక్క దెబ్బకే?”

“ఒకటి సరిచెయ్యబోయి ఇంకోటి కొట్టినాను.”

“అచ్చులో తేడా ఏమన్నా ఉందేమో. లెయ్, చూస్తాను.”

“అచ్చుకేం బాబూ, ముత్యం. లేస్తే నడుం విరుగుతాది.”

సురేంద్రబాబు అచ్చును చుట్టూ పరికించాడు. కనబడినంత మేరా వంక పెట్టే చోటు లేదు. “కొయ్యతో ఆమె ఇంత సాధిస్తే, ఇన్ని లారీలు కట్టినోడివి, నీకు సిగ్గులేదా?”

“ఉండాది బాబూ. శానా ఉండాది.”

ఇన్నాళ్ళూ ఊరికే పడిన సిగ్గు ఆ రోజు ఆయనకు పనికొచ్చింది. నేను నోరు తెరవబోతే నా వైపు ఒక చూపు చూశాడు. తిట్లు ఆయన తింటుంటే తలవంచుకుని నిలబడింది నేను.

సాయంత్రం మళ్ళీ వస్తాననీ, అప్పటికి సొట్ట పోవాలనీ చెప్పాడు సురేంద్రబాబు. మిగతా అచ్చులు మస్తాన్బీకే. రేకు పని మాత్రం వరదయ్యకు ఇవ్వాలా వద్దా అన్నది ఆలోచిస్తానని కారెక్కాడు.

ఆ బండి మలుపు తిరగ్గానే వరదయ్య నడుం బాగుపడింది. ఒక్క గెంతున దిగి సుత్తి అందుకున్నాడు.

“ఆ పని నీకు రాకుండా పోతేనో అన్నా?” అన్నాను.

“పోతే పోనీ. నాకు లారీలుండాయి. ఆమెకు ఏముండాది?”

అంతలో ఉజ్మా ఫోన్ చేసింది. తాను చెక్కిన కారును కళ్ళారా చూసుకోవాలని వాళ్ళమ్మ బస్సెక్కిందట, ఈపాటికి దిగుతూ ఉంటుందట. అన్నిటికన్నా ఆ సొట్ట కుదరడానికే ఎక్కువ కష్టపడ్డానని, ఉదయగిరంతా చెప్పుకుని మరీ బయల్దేరిందట.

వరదయ్య ముఖం మళ్ళీ వేలాడింది. సుత్తి మాత్రం ఆగలేదు.

“నువ్వు బస్టాండుకు పో అబ్బయా. అక్కను టీకి కూర్చోబెట్టి, నిమ్మళంగా తోలుకొని రా. సొట్ట యాడికి పోయిందని అడుగుతాది. అంత బాగా చెక్కిన సొట్టను వరదయ్య సుత్తి జారి చదును చేసేసినాడని చెప్పు. తప్పు నాదేనని చెప్పు.”