మామగారితో డ్రా

పటమటలో ఒక ఫంక్షన్ హాల్లో చెస్ రేటింగ్ టోర్నమెంటు, అంటే ఆటగాడి స్థాయికి అధికారికంగా అంకె వేసే పోటీ. నేనూ మా మామగారూ ఒకే స్కూటరు మీద వెళ్లాం. మూడో రౌండులో కంప్యూటరు మా ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టింది. దానికి వావివరసలు తెలియవు కదా. అప్పటికి నాకు పెళ్లయి ఆరు నెలలు.

మామగారు ఉయ్యూరు షుగర్ ఫ్యాక్టరీలో రిటైరయ్యాక టోర్నమెంట్లు మొదలుపెట్టారు. "రేటింగ్ ఉన్నవాణ్ణి ఒక్కణ్ణి ఓడిస్తే చాలండీ, అదే నాకు షష్టిపూర్తి" అనేవారు. మూడేళ్లయినా ఆ ముచ్చట తీరలేదు. నాకు రేటింగ్ ఉంది.

గెలిస్తే మా ఆవిడకు ముఖం చూపించలేను. కావాలని ఓడితే ఆయన పసిగడతారు. అందుకని మహా తెలివిగా, కుడివైపు గుర్రం ముందున్న బంటును రెండు గళ్లు తోశాను. బుద్ధున్నవాడెవడూ ఆట అలా మొదలుపెట్టడు. ఆయనకో అవకాశం దానం చేస్తున్నానని నా పొగరు.

ఆయన కళ్లజోడు పైనుంచి చూసి, "ఇదేం ఓపెనింగండీ అల్లుడుగారూ" అన్నారు.

పదిహేను ఎత్తులయ్యేసరికి ఆ దానం నా మెడకే చుట్టుకుంది. ఉత్త బంటుకు ఆశపడి నా మంత్రి ఆయన వైపు మూలకు పోయి ఇరుక్కుంది. ఆయన గుర్రం ఒక్క ఎత్తు వెనక్కి వస్తే ఇక దానికి దారి లేదు, ఆట పోయినట్టే. వేసిన ఎత్తు వెనక్కి తీసుకోలేను, లేచి వెళ్లలేను. ఆయన ఎత్తులు రాసుకునే షీటులో ఏదో రాసి ఆగిపోయారు. ఇరవై నిమిషాలు తలెత్తలేదు. పెద్దాయన గెలిస్తే బాగుండునని అనుకున్నానంటే అబద్ధం. ఆ ఎత్తు ఆయన కంట పడకూడదని దుర్గమ్మకు మొక్కుకున్నాను.

చివరికి ఆయన వేరే బంటు జరిపి, "డ్రా చేసుకుందామాండీ" అన్నారు. మాట నోట్లో ఉండగానే చెయ్యి చాచాను.

సంతకాల కోసం షీట్లు మార్చుకున్నాం. ఆయన షీటులో పదహారో ఎత్తు దగ్గర ఆ గుర్రం ఎత్తే రాసి, కొట్టేసి ఉంది.

"చూశారుగా మామయ్యగారూ, మరి వెయ్యలేదేం?"

"కొత్తల్లుణ్ణి ఓడించి, ఇంటికి తీసుకెళ్లి భోజనం ఎలా పెట్టమంటారు? పదండి, మీ అత్తయ్యగారు ఎదురుచూస్తుంటారు."

ఇంకా సంతకాలు కాలేదు. ఓడిపోయానని ఆటలకు తీర్పరి అయిన ఆర్బిటరుతో చెప్పొచ్చు. చెప్పలేదు. పెన్ను తీసుకుని డ్రా కింద సంతకం పెట్టాను.

ఆయన ఇంకో రెండేళ్లు ఆడారు. రేటింగ్ ఉన్నవాడెవడూ ఆయన చేతిలో ఓడలేదు.