కుర్చీలు వేసిన అభ్యర్థి

నాకూ చదువుకీ ఎనిమిదో తరగతిలోనే విడాకులయ్యాయి. భరణం ఎవరూ అడగలేదు. ఈ హిందీ ఊళ్లో, గుఢియారీ పేటలో మోటార్లకి వైండింగు చేసుకుంటూ బతుకుతున్నాను. మా ఇంటి చదువంతా చెల్లెలి వాటాకి వెళ్లింది. ఎమ్మెస్సీ అయ్యాక యూనివర్సిటీలో ఒక ప్రొఫెసరు దగ్గర పరిశోధనకి చేరింది.

చేరిందంటే జీతానికి కాదు. అక్కడొక పద్ధతి ఉంది. "ప్రాజెక్టు మంజూరవుతోంది, ఫెలో పోస్టు పడుతుంది, అప్పటిదాకా వస్తూ ఉండు" అంటారు. అప్పటిదాకా గాజుసామాను కడగాలి, ఎలకలకి మేత వెయ్యాలి, సెలవు రోజుల్లో కూడా. రెండు వానాకాలాలు అలాగే తడుస్తూ వెళ్లింది. ఆ ఫెలోషిప్ వస్తేనే పీహెచ్‌డీ ముందుకు సాగేది. నాన్న రైల్వే పెన్షను అమ్మ మందుల దగ్గరే ఆగిపోయేది.

"జీతం లేకపోతే నా షాపుకి ఈగ కూడా రాదే," అనేవాణ్ణి.

"నీ షాపుకి జీతమిచ్చినా రాదు," అనేది.

చివరికి పోస్టు పడింది. ఒక్కటే. ఇంటర్వ్యూ రోజున నేనే దింపి వరండాలో నిలబడ్డాను. దుర్గ్ నుంచీ బిలాస్‌పూర్ నుంచీ వచ్చినవాళ్లు ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మా చెల్లెలికి కూర్చునే తీరిక లేదు. సార్ చెప్పారని కమిటీ గదిలో కుర్చీలు వేసింది, నీళ్ల సీసాలు సర్దింది, కూలర్లో నీళ్లు పోసింది. ఆ తర్వాత చేతులు తుడుచుకుని వచ్చి తన వంతు కోసం తనూ లైన్లో నిలబడింది.

నా పక్కనున్న అమ్మాయి హిందీలో గొణిగింది. "భయ్యా, ఆ దీదీ లోపలి మనిషి. ఇంక మనం ఉత్త బారాతీలమే, పెళ్లికొడుకు వెనక వచ్చిన జనం."

ఇలాంటి చోట స్విచ్చులెక్కడున్నాయో తెలిసినవాళ్లకే ఉద్యోగమని వాళ్ల అనుభవం. ఆ దీదీకి నేను అన్ననని చెప్పలేదు. లోపల మాత్రం ఉబ్బిపోయాను. పాపం అంత దూరం నుంచి వచ్చిందని ఆ అమ్మాయికి సమోసా కూడా ఇప్పించాను. గెలిచినవాడి దయ అన్నమాట.

సాయంత్రం బోర్డు మీద వేరే పేరు పడింది. సమోసా తిన్న అమ్మాయిది కాదు, మా దానిదీ కాదు. కమిటీలో ఒకాయన శిష్యురాలట.

సార్ మా చెల్లెల్ని పిలిచారు. "బేటా, ఇంకో ప్రాజెక్టు రాబోతోంది. సోమవారం వచ్చి ఈ కొత్తగా చేరే అమ్మాయికి మెషీన్లు చూపించు."

"జీ సర్," అంది ఇది.

దారిలో నా నోరు ఆగలేదు. "జీ సర్ ఏటే? నేనైతే పానా విసిరేసి వచ్చేవాణ్ణి."

"నీకు ఒక మోటారు పోతే ఇంకోటి వస్తాది అన్నయ్యా. నాకు గైడు ఒక్కడే. ఇప్పుడు మానేస్తే చేసిందంతా ఎవరికి చూపించుకోను?" మళ్లీ తనే అడిగింది. "సోమవారం దింపుతావా?"

"బండి పాడైంది."

"బండి మీదే కూర్చున్నాం గదా."

సోమవారం పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకుని నడుచుకుంటూ ఆటోల వైపు వెళ్లిపోయింది. సందు చివరిదాకా వెళ్లనిచ్చి బండి తీశాను. వెనక ఎక్కి కూర్చుంది. యూనివర్సిటీ గేటు దగ్గర దిగి, "సాయంత్రం తొందరగా రాకు. ఆ పిల్లకి ఏ మెషీనూ తెలీదంట, మొదటి నుంచీ నేర్పాలి," అని లోపలికి నడిచింది.

ఇంకో ప్రాజెక్టు ఎప్పుడొస్తుందని నేను అడగలేదు. అడిగితే ఇదిగో వచ్చేస్తోందని చెప్పేది. అప్పుడు నేను నమ్మినట్టు మొహం పెట్టాల్సొచ్చేది.